"ప్రొడక్షన్ రెడీ" ఏపీఐ కోడ్ కొంటున్నారా? నా ఆర్డర్ల టేబుల్ ఊడ్చుకుపోయింది, మీరైనా జాగ్రత్త

నిన్న రాత్రి ఆర్డర్ల టేబుల్ మీద కౌంట్ కొడితే 0 వచ్చింది. పొరపాటున టెస్ట్ డేటాబేస్‌కి కనెక్ట్ అయ్యానేమో అని హోస్ట్ పేరు మూడుసార్లు చూసుకున్నా. కాదు, అసలుదే. కోపం ఇంకా దిగలేదు, రాతలో తప్పులుంటే సర్దుకోండి.

సెల్లర్ ఎవరో మీలో చాలామందికి తెలుసు. రెడీమేడ్ కోడ్ అమ్మే ఆ సైట్లో మొదటి పేజీలోనే కూర్చుని ఉంటాడు, "రెస్ట్ ఏపీఐ, పోస్ట్‌గ్రెస్, పది నిమిషాల్లో లైవ్" అంటూ. ఏపీఐ అంటే యాప్‌కీ డేటాబేస్‌కీ మధ్య నిలబడే కోడ్, పోస్ట్‌గ్రెస్ ఆ డేటాబేస్ పేరు. సొంతంగా రాస్తే వారం పట్టేది. ఆ వారం మిగులుతుంది కదా అని కొన్నా. ఏం మిగిలిందో చూస్తున్నారుగా.

యాప్‌లో ఆర్డర్ తీసేసే బటన్ ఒకటుంది. స్క్రీన్ పూర్తిగా లోడ్ కాకముందే ఎవరో నొక్కారు, ఐడీ ఖాళీగా వెళ్లింది. అది నా తప్పే, ఒప్పుకుంటా. కానీ ఖాళీ ఐడీ వస్తే ఏ ఏపీఐ అయినా 400 (రిక్వెస్టే తప్పు అనే కోడ్) ఇచ్చి పొమ్మనాలి కదా? ఈ మహానుభావుడు ముందు "డిలీట్ ఫ్రమ్ ఆర్డర్స్" అని ఒక స్ట్రింగ్ రాసుకున్నాడు. కింద ఒక ఇఫ్. ఐడీ ఉంటే ఆ స్ట్రింగ్ వెనక వేర్ (ఏ రోని చెరపాలో చెప్పే షరతు) అతికిస్తాడు, ప్లస్ గుర్తుతో. లేకపోతే అతికించడు. అంతే. వేర్ లేని డిలీట్, అంటే అన్ని ఆర్డర్లూ చెరిపెయ్యమని, నేరుగా డేటాబేస్‌కి పోయింది. జవాబుగా 200 (అంతా బాగుందనే కోడ్), "సక్సెస్" అని మెసేజ్. నిజమే, సక్సెస్సే.

దీనికి తోడు స్కీమా ఫైల్ (టేబుళ్ల నిర్మాణం రాసే ఫైల్) మొత్తంలో ఒక్క ఫారిన్ కీ (ఒక టేబుల్ రోని ఇంకో టేబుల్ రోకి కట్టేసే నియమం) లేదు. ఆర్డర్ ఐటమ్స్ టేబుల్లో ఆర్డర్ ఐడీ అంటే ఉత్త ఇంటీజర్ కాలమ్. అక్కడ ఫారిన్ కీ పెట్టే ఒక్క రిఫరెన్సెస్ లైను ఉండుంటే, ఐటమ్స్ ఉన్న ఆర్డర్‌ని చెరపనివ్వనని పోస్ట్‌గ్రెసే మొండికేసి ఎర్రర్ ఇచ్చేది. అంతా ఒకే స్టేట్‌మెంట్ కాబట్టి ఒక్క రో కూడా పోయేది కాదు. ఇప్పుడు ఐటమ్స్ అన్నీ భద్రంగా ఉన్నాయి, అవి ఎవరు ఆర్డర్ చేసినవో మాత్రం తెలీదు. బ్యాకప్ లేదా అని అడక్కండి, ఉంది. రెండు వారాల కిందటిది.

పొద్దున్నే ఆ లైన్లు కాపీ చేసి, "సర్" అని పిలిచి మరీ మెసేజ్ పెట్టా. సగం రోజు తర్వాత జవాబు: "ఖాళీ ఐడీ పంపకండి." ఫారిన్ కీలు ఎందుకు లేవండీ అంటే "స్పీడ్ కోసం." సరే, ఆరు నెలల సపోర్ట్ అన్నారు కదా, ఆ ఒక్క ఇఫ్ అయినా సరిచేసి పంపండి అన్నా.

అప్పుడొచ్చింది అసలు ముక్క. "మీరే ఐదు నక్షత్రాలిచ్చారు కదా సర్. అప్పుడు బాగున్న కోడ్ ఇప్పుడెలా చెడిపోయింది?" పక్కన ఒక నవ్వు బొమ్మ. డేటా పోయినందుకు ఎంత మండిందో ఆ బొమ్మకి అంతకు రెట్టింపు మండింది.

ఇచ్చా, నిజమే. కొన్న గంటకే అడిగాడు, రేటింగ్ ఇస్తే సపోర్ట్‌లో మీకు ముందు చూస్తాం అని. ఒక గెట్ (డేటా ఇమ్మనే రిక్వెస్ట్) కొట్టి, జవాబు జేసన్ రూపంలో అందంగా వచ్చిందని మురిసిపోయి ఇచ్చేశా. స్కీమా ఫైల్ తెరిచి చూస్తే రెండు నిమిషాల పని. ఇన్నేళ్లుగా ఇదే పని చేసుకుని బతుకుతున్నవాణ్ణి, చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

కోపంలో మిగతా కోడ్ కూడా చదివా. లాగిన్‌లోనూ అదే ప్లస్ గుర్తు. నా టెస్ట్ కాపీలో యూజర్‌నేమ్ దగ్గర ఒక సింగిల్ కోట్, ఆర్ 1=1, చివర రెండు గీతలు కొట్టా. అంటే ఎప్పుడూ నిజమయ్యే షరతు పెట్టి, పాస్‌వర్డ్ చూసే భాగాన్ని కామెంట్‌గా మార్చేయడం. పాస్‌వర్డ్ ఏదైనా సరే, లోపలికి రానిచ్చింది. అదీ అడ్మిన్‌గా.

కొనాలనే ఉంటే డబ్బు కట్టేముందు కోడ్ చూపించమనండి. క్వెరీలో విలువలు పారామీటర్లుగా (క్వెరీ రాతకి విడిగా) వెళ్తున్నాయా, స్ట్రింగ్‌లో అతికిస్తున్నాడా చూడండి. స్కీమాలో ఫారిన్ కీలు వెతకండి. రేటింగ్ మాత్రం నెల దాకా ఇవ్వకండి.

నాది మారుద్దామని ఇప్పుడే వెళ్లా. ఎడిట్ గడువు అయిపోయిందట. ఆ పేజీలో అందరికంటే పైన నా ఐదు నక్షత్రాలే, కింద నా మాటలే: "కోడ్ చాలా క్లీన్‌గా ఉంది."