స్కేట్‌బోర్డుతో హైదరాబాద్: బస ఎక్కడ, ఆట ఎక్కడ, బోర్డు ఎలా ఉండాలి

రెండు మూడు రోజుల కోసం బోర్డు పట్టుకుని హైదరాబాద్ వచ్చేవాళ్లు చాలామంది ముందు హోటల్ బుక్ చేసుకుని, ఆ తర్వాత ఎక్కడ ఆడాలో వెతుక్కుంటారు. ఆ వరస తిరగేయాలి. ఈ ఊళ్లో స్కేటింగ్ నడిచేది పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా, మళ్లీ సాయంత్రం ఐదు దాటాక. పొద్దుటి పూట గచ్చు చల్లగా ఉంటుంది, రోడ్లు ఖాళీగా ఉంటాయి, సెక్యూరిటీ వాళ్లు కూడా కాస్త మెతగ్గా ఉంటారు. ఇక్కడి స్కేటర్లు కలిసేది కూడా ఆ వేళల్లోనే. ఆరింటికి బోర్డు మీద ఉండగలిగే చోట పడుకోవడం, ఈ ప్రయాణంలో చేయవలసిన అసలు పని.

ఆ లెక్కన బస నగరానికి పడమటి వైపే మేలు: గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ, నార్సింగి. రైల్లో వస్తే సికింద్రాబాద్‌లోనే దిగనవసరం లేదు. తిరుపతి నుంచి నారాయణాద్రి, కాకినాడ నుంచి గౌతమి రెండూ లింగంపల్లి దాకా వస్తాయి. అక్కడ దిగితే గచ్చిబౌలికి ఆటో దూరమే. సికింద్రాబాద్‌లో దిగితే అదే చోటికి నగరమంతా దాటుకుని రావాలి. నెక్లెస్ రోడ్డు, ట్యాంక్‌బండ్ వైపే ఎక్కువసేపు గడపాలనుకుంటే మాత్రం ఖైరతాబాద్, లక్డీకాపూల్ ప్రాంతం నయం. మెట్రో రెడ్ లైన్ అక్కడే ఉంది, నెక్లెస్ రోడ్డుకు ఎంఎంటీఎస్ స్టేషన్ కూడా ఉంది. రెండు వైపులా ఆడాలని సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర దిగేవాళ్లు రెండింటికీ దూరమవుతారు.

గచ్చిబౌలి, కొండాపూర్‌లో ఐటీ ఉద్యోగుల కోసం నడిచే హాస్టళ్లు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని రోజువారీ అద్దెకూ ఇస్తాయి. స్కేటర్‌కు హోటల్ కన్నా ఇవే సరిపోతాయి. చాలా హోటళ్లలో చెక్-ఇన్ మధ్యాహ్నం పన్నెండుకు, హాస్టళ్లలో పొద్దున్నే సామాను పెట్టుకోనిచ్చేవి ఎక్కువ. డబ్బు కట్టే ముందు మూడు విషయాలు అడగండి. గేటు రాత్రి ఎన్నింటికి వేస్తారు, పొద్దున ఐదున్నరకు తీస్తారా. లిఫ్ట్ ఉందా, లేదంటే నాలుగో అంతస్తు దాకా నొప్పెట్టే మోకాళ్లతో ఎక్కాలి. సెల్లార్‌లో బోర్డు తొక్కితే ఊరుకుంటారా. ఊరుకోరనే అనుకోండి. సెల్లార్ సిమెంటు నేల మీద గట్టి చక్రాల చప్పుడు పై అంతస్తు దాకా వినిపిస్తుంది, మీవల్ల తర్వాత వచ్చే స్కేటర్‌కు గది దొరకదు.

ఇక ఆట చోట్లు. ప్రత్యేకంగా స్కేట్‌బోర్డుల కోసం కట్టిన చోట్లలో హైదరాబాద్ స్కేటర్ల నోట ఎక్కువగా వినిపించే పేరు వాల్‌రైడ్ పార్క్. ఇది ప్రైవేటు పార్కు. మొదటి రోజు ఇలాంటి చోటే మొదలుపెట్టండి, ఇక్కడి మనుషులు పరిచయమయ్యేదీ అక్కడే. ప్రైవేటు పార్కుల్లో పొద్దుటి బ్యాచ్‌లు పిల్లల కోచింగ్‌కు కేటాయించడం, పుట్టినరోజు పార్టీలకు మూసేయడం మామూలే. కాబట్టి బయల్దేరే ముందు రోజే ఫోన్ చేసి, పార్కు తెరిచే వేళతో పాటు కోచింగ్ వేళ కూడా అడగండి. హెల్మెట్ అద్దెకిస్తారా అని అడిగినా, మీది మీరే తెచ్చుకోండి. అద్దె హెల్మెట్ల లోపలి ఫోమ్ ఎన్ని దెబ్బలు తిన్నదో బయటికి కనిపించదు. సైకిల్ హెల్మెట్లు ఒక్క పెద్ద దెబ్బకే పనికిరాకుండా పోతాయి. స్కేట్ హెల్మెట్ మీద ఏఎస్‌టీఎమ్ ఎఫ్ 1492 అని ఉందో లేదో చూసుకోండి, అది చిన్న దెబ్బలు పదేపదే తట్టుకునేలా పరీక్షించిన రకం.

బౌల్ (గిన్నెలా కట్టిన గచ్చు గుంట) దగ్గర రివాజు ఒకటే: వంతు. ఒకరు లోపల ఉండగా ఇంకొకరు దిగకూడదు. పైన అంచున టెయిల్ (బోర్డు వెనక కొస) ఆనించి నిలబడితే ‘తర్వాత నేను’ అని అర్థం. పక్కనున్న తమ్ముడో చెల్లో రెండు సార్లు వెనక్కి తగ్గితే, ‘నువ్వు వెళ్లు’ అని వాళ్లకు వదలండి. బోర్డు చేజారితే ‘బోర్డ్!’ అని గట్టిగా అరవాలి. అంచుకు మైనం రాయాలంటే అక్కడ రోజూ ఆడేవాళ్లను అడగాలి. కోపింగ్ (బౌల్ పై అంచు) మీద అనుకోకుండా జారిపోవడం ఎక్కువగా ఎవరో అడగకుండా కొవ్వొత్తి రుద్దిన చోటే జరుగుతుంది.

నెక్లెస్ రోడ్డు, పీపుల్స్ ప్లాజా వైపు చదునైన నేల మీద ఆడే ఆటకు మంచిది. ఆలీ (బోర్డుతో పాటు పైకి గెంతడం), కిక్‌ఫ్లిప్ (గాల్లో బోర్డును తిప్పడం) నేర్చుకునేవాళ్లకు, బోర్డు మీద నిలకడ కుదుర్చుకోవాలనుకునే కొత్తవాళ్లకు అది చాలు. సభలు, ఎగ్జిబిషన్లు ఉన్న రోజున ప్లాజా దొరకదు. పరుగులు, సైక్లింగ్ ఈవెంట్లు ఆదివారం పొద్దున్నే ఉంటాయి కాబట్టి శనివారం పొద్దున వెళ్లడం నయం. ట్యాంక్‌బండ్‌ను ఆదివారం సాయంత్రాలు వాహనాలకు మూసి జనానికి వదిలే పద్ధతి 2021లో మొదలైంది. అలా వదిలిన రోజున రోడ్డు వెడల్పు చూస్తే నోరూరుతుంది. కానీ పిల్లలు, బుడగలవాళ్లు, తినుబండారాల బండ్ల మధ్య ట్రిక్కులు వేయకూడదు. బోర్డు కాలి కింద నుంచి ఎగిరితే పదడుగుల అవతల ఎవరి చీలమండకో తగులుతుంది. అక్కడ తిరగడమే, గెంతడం వద్దు. విగ్రహాల దిమ్మెల మీద, వాటి మెట్ల మీద గ్రైండ్ చేయడం (బోర్డు అడుగు లోహాన్ని రాస్తూ జారడం) అసలే వద్దు. ఆ మనుషుల పట్ల గౌరవం ఒక కారణం. రెండోది, ఒక్క వీడియో బయటికొస్తే ఊరంతా బోర్డులను అనుమానంగా చూస్తుంది.

ఇందిరా పార్కులో ఉన్న రింకు రోలర్ స్కేటింగ్ వాళ్లది. ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లో 2015కు అర్జున అవార్డు అందుకున్న అనూప్ కుమార్ యామ ఈ ఊరివాడే. నగరంలో చక్రాల ఆటకు అంత పాత పునాది ఉంది. రింకు నేల నున్నగా ఉంటే చిన్న రాయి, గ్రిప్ టేప్ (బోర్డు పైన అంటించే గరుకు పొర) ముక్క కూడా స్కేటర్‌ను పడేస్తాయి. అందుకే స్కేట్‌బోర్డులంటే కోచ్‌లకు భయం, ఆ భయంలో న్యాయం ఉంది. అడిగి, ఖాళీ వేళ ఇస్తేనే దిగండి. దగ్గరి మెట్రో గ్రీన్ లైన్‌లో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ స్టేషన్.

దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి (2020 సెప్టెంబరులో తెరిచారు) వాలు చూసి లాంగ్‌బోర్డు వాళ్లకు ఆశ పుడుతుంది. దూరం నుంచి చూసి వదిలేయండి. వంతెన జాయింట్ల సందుల్లో చిన్న చక్రం ఇరుక్కుంటే బోర్డు ఆగుతుంది, మనిషి ఆగడు. వెనక కార్లు ఉంటాయి. ఔటర్ రింగ్ రోడ్డు వెంట సోలార్ కప్పుతో 23 కిలోమీటర్లు పరిచిన హెల్త్‌వే 2023 అక్టోబరులో వచ్చింది. నీడ, నున్నటి దారి రెండూ ఉన్నాయి కానీ అది సైకిళ్ల కోసం. వేగంగా వచ్చే సైకిల్ ముందు బోర్డు జారితే ఇద్దరికీ ఎముకలు విరుగుతాయి.

ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆఫీసు భవనాల ముందు గ్రానైట్ అంచులు, మెట్లు, రెయిలింగులు కనిపిస్తాయి. స్ట్రీట్ స్కేటింగ్‌కు ఈ ఊళ్లో ఇంతకన్నా మంచి రాయి దొరకదు, ఇంతకన్నా త్వరగా వెళ్లగొట్టే చోటూ దొరకదు. సెక్యూరిటీ అన్న వచ్చి ‘ఇక్కడ కాదు బాబూ’ అన్నాక వాదించకండి, ‘సరే అన్నా’ అని బోర్డు చేత్తో పట్టుకుని నడిచి బయటికి రండి. ఆయన ఉద్యోగం మీద వాదించి గెలిచేది ఏమీ లేదు.

ఇన్ని రకాల నేలలకు ఒకే చక్రాలు చాలవు. హైదరాబాద్‌కు రెండు సెట్లు తెచ్చుకోవడం ఖర్చు కాదు, అవసరం. పార్కుకు 52 నుంచి 54 మిల్లీమీటర్ల 99ఏ లేదా 101ఏ గట్టి చక్రాలు (‘ఏ’ ముందు అంకె ఎంత పెద్దదైతే చక్రం అంత గట్టి). రోడ్డుకు 56 నుంచి 60 మిల్లీమీటర్ల 78ఏ మెత్తని చక్రాలు. కంకర తేలిన తారు రోడ్డు మీద గట్టి చక్రాలతో వెళ్తే పాదాలు మొద్దుబారతాయి, గులకరాయి తగిలితే చక్రం ఆగిపోతుంది. పెద్ద చక్రాలు వేసేటప్పుడు ట్రక్కుకూ (చక్రాలను పట్టుకునే లోహపు భాగం) డెక్‌కూ (కాళ్లు పెట్టే చెక్క) మధ్య 3 మిల్లీమీటర్ల రైజర్ (ఎత్తు పెంచే పలక) పెట్టాలి. పెట్టకపోతే మలుపులో చక్రం డెక్‌కు రాసుకుని బోర్డు బిగుసుకుంటుంది, మనిషి ముందుకు పడతాడు. రైజర్ వేస్తే ఒక అంగుళం బోల్టులు పొట్టివి కావచ్చు, అప్పుడు కాస్త పొడవైనవి ఎనిమిది కావాలి.

టీ-టూల్ (బోర్డు నట్లన్నిటికీ సరిపోయే టీ ఆకారపు పనిముట్టు) మరవకండి. ఇరుసు నట్టు అరంగుళం, 13 నంబరు స్పానర్ దానికి పనికొస్తుంది. డెక్ బోల్టుల నట్టు 3/8 అంగుళం, దానికి 10 నంబరు వదులుగానైనా సర్దుకుంటుంది. కింగ్‌పిన్ (ట్రక్కు మధ్యలో ఉండే పెద్ద బోల్టు) నట్టు మాత్రం 9/16 అంగుళం, అంటే 14.3 మిల్లీమీటర్లు. 14 స్పానర్ దూరదు, 15 స్పానర్ జారి నట్టు మూలలు అరగదీస్తుంది. మెకానిక్ షాపులో ఏదో ఒకటి దొరుకుతుందిలే అనుకునేవాళ్లు ఇబ్బందిపడేది ఇక్కడే. విమానంలో వస్తే ఈ టూల్‌ను చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి. బోర్డు క్యాబిన్‌లోకి అనుమతిస్తారో లేదో ముందే విమాన సంస్థను అడగండి.

బేరింగులు పాడైతే కంగారు పడక్కర్లేదు. స్కేట్‌బోర్డు బేరింగు 608 సైజు: బయట 22, లోపల 8, మందం 7 మిల్లీమీటర్లు. చిన్న మోటార్లలో కూడా అదే వాడతారు కాబట్టి సికింద్రాబాద్ రాణిగంజ్ బేరింగుల దుకాణాల్లో దొరుకుతుంది. ఎనిమిది అడగండి. 608-జెడ్‌జెడ్ అంటే రెండు వైపులా లోహపు మూత, 608-2ఆర్‌ఎస్ అంటే రబ్బరు మూత. ఇక్కడి దుమ్ముకు రబ్బరు మూతవే నిలుస్తాయి, వేగం కాస్త తగ్గినా సరే. కొత్తవి గట్టి గ్రీజుతో వస్తాయి, మొదట్లో నెమ్మదిగా తిరుగుతాయి. పాతవి బాగుచేయాలంటే గుండుసూదితో మూత లేపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఆడించి, పూర్తిగా ఆరబెట్టి, పల్చటి కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేయాలి. కొబ్బరినూనె వేయకండి, చలికాలం పొద్దున్నే గడ్డకడుతుంది. చక్రానికి రెండు వైపులా వాషర్లు ఉండాలి. అవి లేకుండా నట్టు బిగిస్తే బేరింగు ఇరుసు అంచులకు రాసుకుని గరగరమంటుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు డెకాథ్లాన్‌లో పూర్తి బోర్డు కొనుక్కోవచ్చు. బొమ్మల దుకాణాల్లో అమ్మే ప్లాస్టిక్ ట్రక్కుల బోర్డులు పెద్దవాళ్ల బరువుకు మొదటి వారంలోనే వంగిపోతాయి. డెక్ ఏడు పొరల మేపుల్, ట్రక్కు అల్యూమినియం, బుషింగు (ట్రక్కు లోపలి మెత్తటి వలయం) పిండితే వెనక్కి వచ్చే యూరిథేన్ అవునో కాదో చేత్తో చూసి తీసుకోండి.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. జూన్ నుంచి సెప్టెంబరు మధ్య వస్తే ఒక రోజు వానకు పోతుందని ముందే రాసుకోండి. తడి గచ్చు మీద గట్టి చక్రాలు పట్టవు, డెక్ పొరలు ఉబ్బి పాప్ (నేలకు కొడితే పైకి లేచే గుణం) పోతుంది, పోయిన పాప్ వెనక్కి రాదు.

ఆ వాన రోజున చేయగల మంచి పని ఒకటుంది: బాక్స్ కట్టడం. ఇక్కడి గుంపులతో ఒక రోజు గడిపితే మీకు తెలిసిపోతుంది, పార్కు దూరమైన చోట్ల ఆట నిలబడేది చేత్తో కట్టిన వాటి మీదే. 8 అడుగులు × 4 అడుగుల 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఒక షీటును పొడవునా 2 అడుగుల మీద చీలిస్తే ఒక ముక్క పైభాగం, రెండోదాన్ని మళ్లీ ఒక్కో అడుగు చొప్పున కోస్తే రెండు పక్కలు వస్తాయి. లోపల రెండంగుళాల కర్రలతో చట్రం, అడ్డకర్రలు 40 సెంటీమీటర్లకొకటి. దూరం పెరిగితే పైన దిగినచోట ప్లైవుడ్ పగులుతుంది. అంచుకు 40 మిల్లీమీటర్ల ఇనుప ఎల్-యాంగిల్, దానికి రంధ్రాలు వేసి స్క్రూ తల లోపలికి మునిగేలా బిగించాలి. తల బయటికి నిలిస్తే ట్రక్కు తగిలి మనిషి ఎగిరిపడతాడు. తరలించడానికి ఛోటా హాథీ బండి చాలు. కింద పల్చటి రబ్బరు ముక్కలు అంటించకపోతే నున్నటి గచ్చు మీద బాక్సే జారుతుంది.

గచ్చు పగుళ్లు పూడ్చడం ఇంకో పని, స్థలం వాళ్ల అనుమతితోనే. కారు డెంటింగ్ షాపుల్లో వాడే పుట్టీ కొనండి, గోడ లప్పం కాదు, అది వారంలో పొడి అవుతుంది. ముందు ఇనుప బ్రష్‌తో మట్టి తీసి, పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఉంటే పుట్టీ పట్టదు, పెచ్చులుగా లేస్తుంది. హార్డెనర్ డబ్బా మీద చెప్పినంతే కలపండి. ఎండలో అది నిమిషాల్లో గట్టిపడుతుంది, అందుకే పిడికెడు చొప్పునే కలిపి, పగులు కన్నా కొంచెం ఎత్తుగా నింపి, గట్టిపడ్డాక ఎమెరీ కాగితంతో సమం చేయాలి.

పడ్డప్పుడు చేయి చాచి ఆపుకుంటే మణికట్టు విరగడం సాధారణం. బొటనవేలు మొదట్లో నొక్కితే నొప్పి ఉంటే, వాపు లేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. అక్కడి చిన్న ఎముక పగులు మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, పది రోజుల తర్వాత మళ్లీ తీయమని డాక్టర్‌ను అడగండి. తలకు దెబ్బ తగిలి వాంతి, మగత ఉంటే ఆటో కోసం చూడకండి, 108కి ఫోన్ చేయండి.

వెళ్లేటప్పుడు పాత చక్రాలు, బేరింగులు అక్కడి పిల్లలకు ఇచ్చి పోవడం ఇక్కడి గుంపుల్లో మామూలే. ఇచ్చే ముందు డెక్‌ను తిరగేసి ట్రక్కు బోల్టుల దగ్గర పగులు గీత ఉందేమో చూడండి. ఉంటే డెక్ పారేసి ట్రక్కులు మాత్రం ఇవ్వండి, కింగ్‌పిన్ వంగలేదని చూసుకుని.