ఊరి కార్డుకు బెంగళూరులో బియ్యం: రేషన్ పోర్టబిలిటీ ఎలా ఉంది?

వైట్‌ఫీల్డ్, హూడి, ఎలక్ట్రానిక్స్ సిటీ వైపు షెడ్లలో ఉండే అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ కూలీలు అడిగేది ఒకటే: కార్డు ఊళ్లో ఉంది, ఇక్కడ బియ్యం ఇస్తారా? ఇస్తారు. ‘ఒకే దేశం ఒకే రేషన్ కార్డు’ పథకం 2019 ఆగస్టులో మొదట ఆంధ్ర-తెలంగాణల మధ్య, గుజరాత్-మహారాష్ట్రల మధ్య మొదలైంది. 2020 జనవరి 1న కర్ణాటక చేరింది. ఐదుకు మూడు మార్కులు ఇవ్వొచ్చు. ఆ మూడూ ఊరి కార్డును ఇక్కడ గుర్తుపట్టే వేలిముద్ర యంత్రానికి. పోయిన రెండూ ఎక్కడ పోయాయో చూద్దాం.

ముందు కార్డు సంగతి. పోర్టబిలిటీ వర్తించేది 2013 ఆహార భద్రత చట్టం కిందికి వచ్చే కార్డులకే. ఆ చట్టం కింద ఎంతమందికి ఇవ్వాలన్న లెక్క ఇప్పటికీ 2011 జనాభా లెక్కల మీదే నడుస్తోంది. అందులో పట్టని కుటుంబాలకు ఆంధ్ర ప్రభుత్వం సొంత ఖర్చుతో బియ్యం కార్డులు ఇచ్చింది. ఊళ్లో రెండింటికీ ఒకే డిపో, ఒకే బియ్యం కాబట్టి తేడా తెలియదు. బెంగళూరు దుకాణంలో మాత్రం రాష్ట్ర కార్డుకు ఏమీ రాదు. డీలరుతో గొడవపడి లాభం లేదు, అతని చేతిలో లేని విషయం అది. బయల్దేరే ముందే మేరా రేషన్ యాప్‌లో ఆధార్‌తో లాగిన్ అయి కోటా చూసుకోండి, లేదా రేషన్ హెల్ప్‌లైన్ 14445కు ఫోన్ చేసి కనుక్కోండి.

చేతికొచ్చేది కేంద్రం వాటా మాత్రమే: మామూలు కార్డుకైతే మనిషికి నెలకు 5 కిలోలు, 2023 జనవరి నుంచి ఉచితం. తెలంగాణ తన వాళ్లకు ఇచ్చే ఆరో కిలో గానీ, అక్కడి సన్నబియ్యం గానీ, ఆంధ్రలో ఇచ్చే పంచదార, కందిపప్పు గానీ సరిహద్దు దాటవు. అటు కర్ణాటక ఇచ్చే అదనమూ మనకు రాదు. 2023 జూలైలో మనిషికి 170 రూపాయల నగదుగా మొదలై 2025లో 5 కిలోల బియ్యంగా మారిన ఆ సాయం కర్ణాటక కార్డులకే. ఒకే వరుసలో నిలబడి పక్కవాళ్లు ఎక్కువ సంచులు మోసుకెళ్తే డీలరు కాజేశాడనుకోవద్దు.

దుకాణంలో పని చిన్నదే. కార్డు కాగితం అక్కర్లేదు, కార్డు నంబరో ఆధార్ నంబరో చెబితే చాలు. కార్డులో పేరున్న ఎవరైనా వేలిముద్ర వేయొచ్చు. ముద్ర వేయకముందే ఎన్ని కిలోలు కావాలో చెప్పాలి. అసలు మెలిక ఇక్కడే ఉంది. నలుగురి కార్డుకు 20 కిలోలు వస్తాయి. ఇద్దరు ఇక్కడ, ఇద్దరు ఊళ్లో ఉంటే 10 కిలోలే తీసుకుని మిగతాది ఊరికి వదలొచ్చు. చెప్పకపోతే డీలరు మొత్తం కోటా మీకిచ్చినట్టు యంత్రంలో నమోదు చేసేస్తాడు, ఊళ్లో ముసలివాళ్లు డిపో నుంచి ఖాళీ సంచితో తిరిగొస్తారు. అటు నుంచీ ఇదే జరుగుతుంది. ఆంధ్రలో పంపిణీ నెల మొదటి పక్షంలోనే జరుగుతుంది కాబట్టి, ఇంట్లోవాళ్లు మొత్తం ఎత్తేస్తే 20వ తారీఖున ఇక్కడ మీకు సున్నా. ముందు ఇంటికి ఫోన్ చేయండి, తర్వాత అంగడికి వెళ్లండి. ఆ నెల కోటా ఆ నెలకే, వచ్చే నెలకు మిగలదు.

సిమెంటు పని చేసే చేతులంటే దుకాణంలోని వేలిముద్ర (ఈ-పాస్) యంత్రానికి అస్సలు పడదు. గీతలు అరిగిపోయి ఉంటాయి. చేతులు కడిగి తుడుచుకుని వేరే వేళ్లు పెట్టి చూడాలి, కనుపాప యంత్రం ఉంటే అడగాలి, లేదంటే కార్డులో ఉన్న ఇంకొకరిని పంపాలి. ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ చేసి మరిచిపోయినా ముద్ర పడదు. ఈ-కేవైసీ, అంటే కార్డులోని మనిషిని ఆధార్ ముద్రతో నిర్ధారించడం, మిగిలి ఉంటే దానికోసం ఊరికి బస్సు ఎక్కక్కర్లేదు, ఇక్కడి యంత్రం మీదే చేయమని అడగొచ్చు.

‘స్టాక్ లేదు, ఊళ్లో తీసుకోండి’ అన్న మాట ఎందుకొస్తుంది? దుకాణానికి సరుకు వచ్చేది తన దగ్గర నమోదైన కార్డుల లెక్కన. బయటి కార్డులకు ఇచ్చింది తర్వాత సర్దుబాటు అవుతుంది గానీ, ఈలోపు తన కార్డుదారు వచ్చి నిలదీస్తే జవాబు చెప్పాల్సింది డీలరే. భయం నిజమైనదే, తిరస్కరించే హక్కు మాత్రం లేదు. సరుకు దిగిన మొదటి వారంలో వెళ్తే ఈ మాట తక్కువ వినపడుతుంది. అయినా కాదంటే 14445 లేదా 1967కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి. రసీదు తప్పకుండా తీసుకోండి, అందులో రాసిన కిలోలు, సంచిలో ఉన్న కిలోలు ఒకటేనా చూసుకోండి.

బియ్యం నాణ్యత సాధారణం. కడిగేటప్పుడు కొన్ని గింజలు తేలితే ప్లాస్టిక్ బియ్యమని పారబోయకండి. అవి పోషకాలు కలిపిన గింజలు: బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజలుగా చేసి వందకు ఒకటి చొప్పున కలుపుతారు, కిలోకు సుమారు 10 గ్రాములు. గంజి వార్చకుండా అత్తెసరు పెట్టుకుంటే మేలు.

కుటుంబం మొత్తం ఇక్కడే స్థిరపడితే ఈ సేవ చాలదు. కర్ణాటక కార్డు ఉంటే అదనపు సాయం, ఇంటి యజమానురాలికి గృహలక్ష్మి 2,000 రూపాయలు అందే దారి ఉంటుంది. కానీ దానికి ఊరి కార్డులోంచి పేర్లు తీయించుకోవాలి. ఆంధ్రలో ప్రభుత్వ ఉచిత వైద్య పథకానికీ ఆ బియ్యం కార్డు ఒక ఆధారం, ఆ సాయమూ పోవచ్చు. పైగా ఇక్కడ కొత్త కార్డుల దరఖాస్తులు ఎప్పుడూ తెరిచి ఉండవు. తెరిచారో లేదో ఆహార శాఖ ఆఫీసులో కనుక్కున్నాకే ఊళ్లో పేర్లు తీయించండి.