మోటూ ఎం2: పాడిన మాట చెవికి చేరడానికి ఎంతసేపు?

ఇంట్లో కంప్యూటర్ మీద పాట రికార్డు చేసుకునేవాళ్లు ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకునీ వాయిద్యాన్నీ కంప్యూటర్‌కి కలిపే పెట్టె) కొనేముందు 192 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటు వస్తుందా, ప్రీయాంప్ (మైకు శబ్దాన్ని పెంచే భాగం) ఎవరిది అని అడుగుతారు. రెండు మైకుల తరగతిలో పేరున్న కంపెనీల్లో చాలావరకు ఈ పరీక్ష దాటేశాయి. అసలు తేడా పాడేటప్పుడు బయటపడుతుంది. తన గొంతు తనకే హెడ్‌ఫోన్‌లో కాస్త వెనకగా వినిపిస్తే ఎంత తాళజ్ఞానం ఉన్నవాళ్లయినా లయ జారిపోతారు. 2019 చివర్లో వచ్చిన మోటూ ఎం2 ఇంటర్‌ఫేస్‌ని ముందుగా ఈ ఆలస్యం (లేటెన్సీ) లెక్కతోనే తూచాలి.

కంప్యూటర్ శబ్దాన్ని చిన్న ముక్కలుగా (శాంపిళ్లు) కొలిచి, కొన్నిటిని పోగుచేసి (బఫర్) ఒకేసారి పంపుతుంది. బఫర్ 128 శాంపిళ్లు, శాంపిల్ రేటు 48 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు 48,000 అనుకుందాం. 128ని 48,000తో భాగిస్తే 2.67 మిల్లీసెకన్లు. గొంతు లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఇంకోసారి, మొత్తం 5.3. చాలామంది లెక్క ఇక్కడే ఆపేస్తారు. దీనికి అనలాగ్‌ని డిజిటల్‌గానూ, డిజిటల్‌ని మళ్లీ అనలాగ్‌గానూ మార్చే చిప్పుల ఆలస్యం తోడవుతుంది. ఆపైన డ్రైవర్ (ఇంటర్‌ఫేస్‌ని కంప్యూటర్‌తో మాట్లాడించే ప్రోగ్రామ్) తన జాగ్రత్త కోసం తెర వెనక పెట్టుకునే అదనపు బఫర్ ఒకటి ఉంటుంది. ఒకే 128 మీద రెండు కంపెనీల పెట్టెలు వేర్వేరు ఆలస్యాలు చూపించడానికి ముఖ్య కారణం ఇదే. డబ్బా మీద ఇది రాసి ఉండదు.

విండోస్‌లో ఎం2కి మోటూ సొంత ఏసియో (ఆలస్యం తగ్గించే ఆడియో పద్ధతి) డ్రైవర్ ఇస్తుంది, దీని బలమంతా అందులోనే ఉంది. 96 కిలోహెర్ట్జ్, 32 శాంపిళ్ల బఫర్ మీద రానూపోనూ 2.5 మిల్లీసెకన్లు అన్నది కంపెనీ చెప్పే అంకె. ఆ అంకె ఖాళీ ప్రాజెక్టు మీద మాట. నాలుగైదు వర్చువల్ వాయిద్యాలు (సాఫ్ట్‌వేర్‌లోనే మోగేవి), రెండు రివర్బులు (గొంతుకి గది మార్మోగుడు తెచ్చేవి) ఎక్కించాక మామూలు ల్యాప్‌టాప్ నిలబడేది 48 కిలోహెర్ట్జ్ మీద 64 లేదా 128 దగ్గరే. అక్కడ కూడా విండోస్‌లో ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 మూడో తరం కంటే ఎం2 ముందుంటుంది. బెరింగర్ యూఎం2 చవకే గానీ సొంత డ్రైవర్ కాకుండా ఏ పెట్టెకైనా పనిచేసే ఏసియో4ఆల్ మీద ఆధారపడుతుంది. లేటెన్సీ గురించి బెంగ ఉన్నవాళ్లు అటు వెళ్లకపోవడమే మేలు. ఆర్ఎంఈ బేబీఫేస్ ప్రో డ్రైవర్ స్థిరత్వంలో వీటన్నిటికంటే పైమెట్టు, కానీ దాని ధరకి ఎం2లు చాలానే వస్తాయి.

ఇక యూఎస్‌బీ 2.0 పాతదనీ, థండర్‌బోల్ట్ అనే మరో కనెక్షన్ అయితేనే వేగమనీ వినిపించే మాట. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల మీద రెండు ఛానెళ్లు రావడం, రెండు పోవడం కలిపినా సెకనుకు 4.6 మెగాబిట్లు. యూఎస్‌బీ 2.0 దారి వెడల్పు 480 మెగాబిట్లు. ఇరుకు అక్కడ లేదు.

గాయకుల సంగతి వేరు. వాయిద్యం వాయించేవాళ్లు 8, 10 మిల్లీసెకన్లు తట్టుకుంటారు. మూడు మీటర్ల దూరంలో ఉన్న స్పీకర్ నుంచి శబ్దం రావడానికి కూడా దాదాపు అంతే పడుతుంది. పాడేవాళ్లకి తమ గొంతు ఎముకల గుండా వెంటనే చెవికి చేరిపోతుంది. మూడు నాలుగు మిల్లీసెకన్ల తర్వాత హెడ్‌ఫోన్‌లోంచి రెండోసారి వస్తే రెండూ కలిసి కొన్ని స్వరస్థాయులు సన్నబడి, గొంతు డొల్లగా వినిపిస్తుంది. ఇందుకే ఎం2లో ఒక్కో ఛానెల్‌కీ విడిగా ఉన్న ‘మాన్’ (మానిటర్) బటన్ విలువైనది. నొక్కితే గొంతు కంప్యూటర్ దాకా వెళ్లకుండానే హెడ్‌ఫోన్‌కి చేరుతుంది. అప్పుడు రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్ (పాడుతుండగానే తిరిగి వినిపించడం) ఆపేయాలి, లేకపోతే గొంతు రెండుగా మోగుతుంది. రివర్బ్ లేకుండా పాడలేమనేవాళ్లు మానిటరింగ్ ఉంచి, ఆ ట్రాక్ మీద రివర్బ్‌ను పూర్తి వెట్‌లో (మార్మోగుడు మాత్రమే) పెట్టుకోవాలి, డ్రై (అసలు గొంతు) సున్నా. రివర్బ్ పది మిల్లీసెకన్లు ఆలస్యమైనా వినసొంపుగానే ఉంటుంది.

ఇక్కడే ఎం2 లోటు కూడా తెలుస్తుంది. గొంతు ఎంత, కరోకే ట్రాక్ ఎంత అని కలుపుకునే నాబ్ దీనికి లేదు, ఇదే వరుసలోని పెద్ద మోడల్ ఎం4కి ఉంది. ఎం2లో ట్రాక్ శబ్దం సాఫ్ట్‌వేర్‌లోనే తగ్గించుకోవాలి. హెడ్‌ఫోన్ జాక్ ఒక్కటే. మైక్ గెయిన్ (శబ్దాన్ని పెంచగల శక్తి) 60 డెసిబెళ్లు. కండెన్సర్ మైక్‌కి ధారాళం, ఎక్కువ గెయిన్ అడిగే షూర్ ఎస్ఎం7బీ లాంటి డైనమిక్ మైక్‌తో మెల్లగా పాడేవాళ్లకి నాబ్ చివరిదాకా తిప్పాల్సి వస్తుంది. అలాంటివాళ్లకి 69 డెసిబెళ్ల గెయిన్ ఉన్న స్కార్లెట్ 2ఐ2 నాలుగో తరం నయం. ముందున్న ఎల్‌సీడీ మీటర్ మాత్రం ఈ ధరలో మంచి సౌకర్యం. గట్టిగా పాడే చోట మీటర్ శిఖరాలు మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర తగిలేలా గెయిన్ పెట్టుకుంటే చాలు.

బఫర్ తగ్గించగానే చిటపటలు వస్తే తిట్టాల్సింది ఇంటర్‌ఫేస్‌ని కాకపోవచ్చు. కంప్యూటర్‌ని ఏ డ్రైవర్ ఆపుతోందో చూపించే లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ను పది నిమిషాలు నడపండి. ఎక్కువగా దొరికే దొంగలు వైఫై, గ్రాఫిక్స్ డ్రైవర్లు. రికార్డింగ్ జరిగేంతసేపు వైఫై ఆపండి, పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ (కరెంటు మిగల్చడానికి విండోస్ యూఎస్‌బీని నిద్రపుచ్చేది) తీసేయండి, కేబుల్ హబ్‌కి కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి. 64లో పెట్టినా ఆలస్యం తగ్గకపోతే మాస్టర్ ట్రాక్ (అన్ని ట్రాకులూ కలిసే చోటు) చూడండి: లుక్‌అహెడ్ లిమిటర్, లీనియర్ ఫేజ్ ఈక్యూ లాంటి ప్లగిన్లు తమ ఆలస్యాన్ని అదనంగా కలిపేస్తాయి. రికార్డింగ్ అయ్యాకే వాటిని వేయాలి.

చార్జర్ పెట్టగానే గుయ్యిమంటే ఒకసారి బ్యాటరీ మీద నడిపి చూడండి. శబ్దం పోయిందంటే తగువు ఎర్త్ దగ్గర ఉంది. స్పీకర్లకి వెనకున్న ఆర్‌సీఏ బదులు బయటి రొదని కొట్టేసే బ్యాలెన్స్‌డ్ టీఆర్ఎస్ కేబుళ్లు వాడితే చాలావరకు తగ్గుతుంది.

అసలు ఆలస్యం కొలవాలంటే ఒక టీఆర్ఎస్ కేబుల్ చాలు. ఔట్‌పుట్ 1ని ఇన్‌పుట్ 1కి కలపండి. ముందు 48 వోల్టులు (కండెన్సర్ మైక్‌కి ఇచ్చే కరెంటు) ఆపండి, మాన్ బటన్ కూడా ఆపండి, లేకపోతే కూత పెడుతుంది. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డింగ్ ప్రిఫరెన్సుల్లో డ్రైవర్ చెప్పే లేటెన్సీని వాడే టిక్కు తీసేసి, ఒక క్లిక్‌ని ప్లే చేస్తూ వేరే ట్రాక్ మీద రికార్డు చేయండి. రెండు క్లిక్‌ల మధ్య శాంపిళ్లు లెక్కపెట్టి 48తో భాగిస్తే 48 కిలోహెర్ట్జ్‌లో మిల్లీసెకన్లు వస్తాయి. తర్వాత టిక్కు మళ్లీ పెట్టి ఇంకోసారి చేయండి. అప్పటికీ తేడా మిగిలితే డ్రైవర్ తప్పు లెక్క చెబుతోందన్నమాట. ఆ శాంపిళ్లను అక్కడే ఉన్న మాన్యువల్ ఆఫ్‌సెట్ గడిలో వేస్తే ట్రాకులు సరిగ్గా కూర్చుంటాయి.

గొంతు మాత్రమే రికార్డు చేసుకుంటూ ఎలాగూ మాన్ బటన్ నొక్కి పాడేవాళ్లకి ఎం2 డ్రైవర్ గొప్పతనం పెద్దగా పనికిరాదు; ఏది చవకగా దొరికితే అది తీసుకోవచ్చు. గిటార్‌ని సాఫ్ట్‌వేర్ యాంప్ గుండా వింటూ వాయించేవాళ్లకీ, మిడి కీబోర్డు (ఏ మీట నొక్కారో మాత్రమే కంప్యూటర్‌కి చెప్పేది) మీద వర్చువల్ వీణో వయొలినో వాయించేవాళ్లకీ ఇది డబ్బుకి తగ్గ పెట్టె. కీబోర్డువాళ్లకి ఆడియో బయటికొచ్చే సగం ఆలస్యమే లెక్కలోకి వస్తుంది కాబట్టి 128 బఫర్ మీద కూడా హాయిగా వాయించుకోవచ్చు.