సింగపూర్ నుంచి న్యూయార్క్: ఆగకుండా వెళ్లడం మేలా, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆగి వెళ్లడం మేలా?

ఈ రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం వెతికితే సుమారు 15,350 కిలోమీటర్లు అని వస్తుంది. దాన్ని గంటకు 900తో భాగించి పదిహేడు గంటల్లో దిగిపోతాం అనుకుంటే తప్పులో కాలేసినట్టే. అది గ్లోబు మీద దారం బిగించి కొలిచిన దూరం, ఆ దారం దాదాపు ఉత్తర ధ్రువాన్ని ఆనుకుని పోతుంది. విమానం మాత్రం చాలాసార్లు పసిఫిక్ మీదుగా వెళ్తుంది, ఎందుకంటే అక్కడ పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ అనే బలమైన పైగాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి వెయ్యి కిలోమీటర్లు చుట్టు తిరిగినా త్వరగానే చేరుతుంది. మొత్తం 18 నుంచి 19 గంటలు.

ఇక ఫ్రాంక్‌ఫర్ట్ దారి చూడండి. సింగపూర్ నుంచి అక్కడికి దాదాపు 10,300, అక్కణ్ణుంచి న్యూయార్క్‌కి 6,200. కలిపితే 16,500. తేడా పదకొండు వందల కిలోమీటర్ల చిల్లరే, అంటే గంటా గంటంబావు ప్రయాణం. కానీ మొత్తం ప్రయాణం దాదాపు 24 గంటలు పడుతుంది! మధ్యలో ఆగేది రెండు గంటలే అనుకున్నా మిగతాది ఎక్కడ పోయింది? గాలికి పోయింది. ఈ దారిలో రెండు సార్లూ పడమరకే వెళ్తాం, అదే గాలి ఎదురొస్తుంది. దూరం పట్టిక చూసి టికెట్ కొనేవాళ్లకు ఈ సంగతి అసలు కనిపించదు, అందుకే ఇంత చెప్తున్నాను.

మరి నాన్‌స్టాపే మేలు కదా అంటే, అందరికీ కాదు. ఆ దారిలో సింగపూర్ ఎయిర్‌లైన్స్ నడిపే ఎయిర్‌బస్ ఏ350-900 యూఎల్ఆర్ (మరీ ఎక్కువ దూరం ఆగకుండా ఎగరగల రకం) విమానంలో సీట్లు 161 మాత్రమే, 67 బిజినెస్, 94 ప్రీమియం ఎకానమీ. మామూలు ఎకానమీ లేనే లేదు. అంత దూరానికి ఇంధనం బరువే విపరీతం, ఆ బరువు మోయడానికి మళ్లీ ఇంకొంత ఇంధనం కాలుతుంది, అందుకే మనుషుల్ని తగ్గించారు. ఆ ఖర్చంతా టికెట్ ధరలో పడుతుంది. 2004లో ఏ340-500 అనే పాత విమానంతో మొదలైన ఈ నాన్‌స్టాప్ సర్వీసు 2013లో ఆగిపోయింది, మళ్లీ 2018లో ఈ కొత్త విమానం వచ్చాకే మొదలైంది.

శరీరం మాటకొస్తే పన్నెండో గంట దాటాక కాళ్లు బరువెక్కుతాయి, విప్పిన షూ మళ్లీ ఎక్కదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి కాసేపు నడిస్తే ఆ వాపు కొంత తగ్గుతుంది, ముఖం కడుక్కుంటే ప్రాణం లేచొస్తుంది. కానీ హ్యాండ్ బ్యాగ్ మోసుకుని మళ్లీ సెక్యూరిటీ లైన్లో నిలబడాలంటే పెద్దవాళ్లకీ పసిపిల్లలున్నవాళ్లకీ నరకమే.

నా మాట అడిగితే, పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్తుంటే డబ్బు కొంచెం కష్టమైనా నాన్‌స్టాపే తీయండి, గేటు వెతుక్కునే టెన్షన్ ఉండదు. వయసులో ఉండి ఎకానమీలో వెళ్లేవాళ్లకి ఫ్రాంక్‌ఫర్టే మేలు, అయితే రెండు ముక్కలూ ఒకే టికెట్ మీద ఉండాలి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పినప్పుడు కొత్త టికెట్ డబ్బు మీ జేబులోంచే పోతుంది. మీ పాస్‌పోర్టుకి అక్కడ విమానం మారడానికి ట్రాన్సిట్ వీసా కావాలేమో కూడా కొనే ముందే చూసుకోండి.