షుగర్ బేబీ పుచ్చ విత్తనాలు: కాయలు కోసి తిన్నాక రాస్తున్నాను

పర్లాకిమిడి బజారులో మేం ఎప్పుడూ వెళ్లే విత్తనాల కొట్లోనే ఈ ప్యాకెట్టు కొన్నాం. సంక్రాంతి వెళ్లాక పెరట్లో బావి పక్కన గోతులు తీసి, మాగిన పశువుల ఎరువు కలిపి గింజలు పెట్టాం. మొలక బాగానే వచ్చింది. లేత ఆకుల మీద ఎర్ర పెంకుపురుగులు వాలితే మా అత్తగారు పొద్దున్నే మంచు తడి ఆరకముందే పొయ్యి బూడిద చల్లేవారు. మొక్కలు నిలిచాయంటే ఆవిడ చలవే.

విత్తనానికి వంక పెట్టను. గుండ్రటి కాయలు, నలుపు తిరిగిన ఆకుపచ్చ తోలు, ఒక్కోటి మూడు కిలోల దాకా తూగాయి. మా ఇంటిల్లిపాదికీ ఒక పూటకు ఒక కాయ సరిపోతుంది, మిగిలిన ముక్క ఫ్రిజ్‌లో దాచే పని లేదు. లోపల ముదురు ఎరుపు, చిన్న గింజ. ఇంత తీపి బజారు కాయలో నేనైతే చూడలేదు.

నా ఫిర్యాదల్లా ప్యాకెట్టు మీదే. కోత గురించి '80 రోజులు' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు, అదీ ఇంగ్లీషులో. ఇక్కడ కొనేవాళ్లలో ఎక్కువమంది ఒడియా, తెలుగు చదివేవాళ్లు. అయినా ఒకే తీగకు ముందు పట్టిన పిందె, వెనక పట్టిన పిందె ఒకే రోజు ఎలా పండుతాయి? మామిడికాయలా కోసి గడ్డిలో వేస్తే పండేది కాదు పుచ్చ. తీగ మీద ఎంత తీపి పట్టిందో అంతే.

ఈ రకానికి తోలు పండకముందే ముదురు రంగు తిరుగుతుంది కాబట్టి రంగును నమ్మలేం. కాయ తొడిమ దగ్గర మెలికలు తిరిగి ఉండే సన్నటి నులితీగ చూడండి. అది పచ్చగా ఉన్నంతకాలం కత్తి తీయొద్దు, పూర్తిగా ఎండాలి. నేలకు ఆనిన చోట తెలుపు పోయి వెన్నలాంటి పసుపు రావాలి, తోలు మీది నిగనిగ తగ్గాలి. మా ఆయన వేలితో కొట్టి శబ్దం వింటారు గానీ, నాకు నులితీగ మీదే గురి. కోతకు వారం ముందు నుంచి నీళ్లు తగ్గించాం. కాయను మెలిపెట్టి లాగకుండా, కాస్త తొడిమ ఉంచి కత్తితో కోశాం.

కుండీల్లో పెంచేవాళ్లకు ఇది చెప్పను, తీగ పాకడానికి చాలా చోటు కావాలి. హైబ్రిడ్ కాదు కాబట్టి మంచి కాయ గింజలు కడిగి, నీడన ఆరబెట్టి దాచాను. చుట్టుపక్కల పెరళ్లలో వేరే పుచ్చ రకం ఉంటే మాత్రం దాచిన గింజకు ఇదే కాయ వస్తుందని నమ్మకం లేదు, మళ్లీ ప్యాకెట్టు కొనుక్కోవడమే మేలు.