మద్దిలపాలెంలో స్కాలర్‌షిప్ దరఖాస్తుకు నమ్మదగిన నెట్ సెంటర్

ఇంటర్ పూర్తయిన మా అమ్మాయి చేత కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేయించడానికి విశాఖపట్నం మద్దిలపాలెంలోని ఒక చిన్న నెట్ సెంటర్‌కు వెళ్లాము. ఇంటర్‌లో 80 పర్సంటైల్ దాటి (అంటే బోర్డులో నూటికి 80 మంది కంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుని), కుటుంబ వార్షికాదాయం 4.5 లక్షలకు మించని వారికి డిగ్రీలో ఏటా 12,000 రూపాయలు ఇచ్చే ఈ పథకంలో సొమ్ము ఆధార్‌తో అనుసంధానమైన ఖాతాకే జమవుతుంది కనుక, నిర్వాహకురాలు ముందుగా ఆ సంగతే సరిచూశారు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగానూ, ఆధార్‌లో ఒక్క అక్షరంగానూ ఉండటాన్ని తెరపై వేలుపెట్టి చూపి, దాన్ని సరిచేయించుకుని రమ్మన్నారు. నిరుడు మరోచోట ఈ మాట ఎవరూ చెప్పకపోవడంతో మా అబ్బాయి దరఖాస్తు తిరిగి వచ్చింది. ఆ బాధ నేటికీ మరువలేదు. కాలేజీలో ధ్రువీకరణ జరిగేదాకా పని ముగిసినట్టు కాదని కూడా ఆమె గట్టిగా హెచ్చరించారు. సాయంత్రం రద్దీ ఎక్కువ, ఉదయమే వెళ్లడం మేలు.