డీజిల్ కారిన నేలను బాగుచేయించుకున్నాం: ఆ బృందం పని ఎలా ఉందంటే

జమ్మికుంట శివారులో మాకు లారీల యార్డు ఉంది. నాన్న హయాంలో పాతిపెట్టిన ఇనుప డీజిల్ ట్యాంకు అడుగున తుప్పు పట్టి కారుతోంది. ఆ సంగతి మాకంటే ముందు పక్క చేను అవ్వకు తెలిసింది. "బిడ్డా, బావి నీళ్లు దీపపుబుడ్డి వాసన వస్తున్నాయి" అంటూ చెంబు తెచ్చి చూపించింది. నీళ్ల మీద నెమలికంఠం రంగుల పొర. అంతకు ముందు ఏడాదంతా డిప్ రాడ్ (ట్యాంకులో డీజిల్ ఎంతుందో కొలిచే గీతల కడ్డీ) లెక్కలో డీజిల్ తగ్గుతుంటే డ్రైవర్లను అనుమానించాను. ఒకతని జీతం కోశాను కూడా. ఆ డబ్బు తిరిగి చేతిలో పెట్టి క్షమించమని అడిగాను. ట్యాంకును ఆ రోజే ఖాళీ చేయించాం.

మొదట వచ్చిన కాంట్రాక్టరు యార్డంతా ఒక చుట్టు చుట్టి, జేసీబీతో మట్టి ఎత్తించి ఊరి బయట పోయిస్తానన్నాడు. ఎక్కడ పోస్తావంటే జవాబు లేదు. మన చెడు ఇంకొకరి వాకిట్లో పోయడం నా వల్ల కాదని పంపేశాను. తరువాత పిలిచింది హైదరాబాదు నుంచి వచ్చే ఒక చిన్న సంస్థను. ఈ సమీక్ష వాళ్ల గురించే.

నెల రోజుల దాకా వాళ్లు శుభ్రం చేసే మాటే ఎత్తలేదు. ఎంత దూరం పాకిందో ముందు తేల్చాలన్నారు. ట్యాంకు చుట్టూ, అవ్వ చేను గట్టున బోర్లు వేశారు. ప్రతి అర మీటరుకూ మట్టి తీసి ప్లాస్టిక్ సంచిలో కట్టి, కాసేపు ఎండన ఉంచి, ఆవిరిని పసిగట్టే యంత్రాన్ని సంచిలోకి దూర్చి అంకె రాసుకున్నారు. మూడు బోర్లలో నీటిమట్టం కొలిచి, భూగర్భజలం ఏ దిక్కుకు వాలుతోందో కాగితం మీద గీశారు. బాణం గుర్తు నేరుగా అవ్వ బావి వైపే ఉంది. మాది పైన మొరం, కింద రాయి. మురికి బోరు గుండా రాతి పగుళ్లలోకి దిగిపోతుందని బోర్లను మొరంలోనే ఆపారు.

ఒక రోజు వాళ్ల కుర్రవాడు పారదర్శకమైన గొట్టాన్ని తాడుకు కట్టి బోరులోకి దించి, మెల్లగా పైకి లాగాడు. కింద నీరు, దాని మీద జానెడు లేత పసుపు డీజిల్. నాకు కాళ్లు ఆడలేదు. "బోరులో కనిపించే మందం మట్టిలో ఉన్నదానికంటే ఎక్కువండీ, దీన్ని పట్టుకుని లెక్క కట్టకూడదు" అన్నాడు. భయపెట్టి బిల్లు పెంచుకోగలిగిన చోట అతను ఆ మాట అన్నాడు. నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

తేలుతున్న డీజిల్‌ను చిన్న పంపుతో తోడించారు. ట్యాంకు చుట్టూ బాగా తడిసిన మట్టిని తవ్వి, మందపాటి ప్లాస్టిక్ పట్టా మీద కుప్ప పోసి, గాలి ఆడటానికి వరి ఊక కలిపి, యూరియా, సూపర్ ఫాస్ఫేట్ చల్లి, చిల్లుల గొట్టాలు పెట్టి టార్పాలిన్ కప్పారు. డీజిల్‌ను తినే సూక్ష్మజీవులు మట్టిలోనే ఉంటాయి, వాటికి కావలసింది గాలి, తేమ, నత్రజని, భాస్వరం. పంటకు పెట్టే ఎరువే ఇక్కడా. పెట్రోలైతే చాలా భాగం ఆవిరిగా పీల్చేయవచ్చట, డీజిల్ బరువైనది కాబట్టి తినిపించడమే దారి అన్నారు. అందుకే కదపని నేలలోకి కూడా బ్లోయరుతో గాలి పంపారు. పని జరుగుతోందా అని అడిగితే బ్లోయరు ఆపి, బోరులో ఆక్సిజన్ కొలిచారు. మామూలు గాలిలో 20.9 శాతం ఉండే ఆక్సిజన్ మరునాటికే బాగా పడిపోయింది. నేల ఊపిరి తీసుకుంటోందని నా కళ్లతో చూసినట్టయింది.

లోపాలూ చెప్పాలి. ల్యాబు ఫలితాలు మూడు వారాలు ఆలస్యమయ్యాయి. బ్లోయరు రొదకు పక్కింటివాళ్లకు నిద్ర లేదు, రెండుసార్లు అడిగాక గాని చుట్టూ గోడ కట్టలేదు. నివేదిక మొత్తం ఇంగ్లీషులో ఇచ్చారు. నీళ్లు పాడైంది అవ్వవి, ఆమెకు అర్థం కాని కాగితం ఎందుకు? పట్టుబట్టి నాలుగు పేజీలు తెలుగులో రాయించాను. ఖర్చు ఇప్పటికి 11 లక్షలు దాటింది.

ఏడాదికి బోర్లలో తేలే డీజిల్ పోయింది. పని అయిపోయిందని సంతకం పెట్టమని నేనే అన్నాను. వాళ్లు పెట్టలేదు. వానాకాలంలో నీటిమట్టం పైకి లేచి, మట్టికి అంటుకుని ఉన్నది మళ్లీ నీళ్లలోకి దిగుతుంది, అప్పుడు చూడాలన్నారు. అలాగే భాద్రపదంలో రెండు బోర్ల నీళ్లలో డీజిల్ అంకెలు పెరిగాయి. బ్లోయరు మళ్లీ వేశారు, దానికి అదనంగా ఒక్క రూపాయి అడగలేదు.

అవ్వ ఇంటికి, పశువులకు ఇప్పటికీ మా ట్యాంకరు నీళ్లే వెళ్తున్నాయి. వాసన పోయిందని ఆమె మొన్న బెండ మడికి బావి నీళ్లు పెట్టబోతే, ఆ కుర్రవాడే పరుగున వెళ్లి ఆపి, కార్తీకంలో తీసే నమూనా దాకా ఆగమని బతిమాలుకున్నాడు.